అమెరికాలో డాక్టరుకు చూపించుకుంటే ఎంతవుతుంది? ముందే ఎవరూ ఎందుకు చెప్పలేరు?

అమెరికాకి కొత్తగా వెళ్ళిన తెలుగువాళ్ళని కంగారుపెట్టే కాగితం ఒకటుంది. జ్వరమనో, నడుము నొప్పనో డాక్టరుకు చూపించుకుని వచ్చిన రెండు మూడు వారాలకు అది ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పోస్టులో వస్తుంది. అందులో 640 డాలర్లని ఒక అంకె, 390 తగ్గింపని ఇంకో అంకె, చివర్లో ‘మీ బాధ్యత 250’ అని మూడో అంకె ఉంటాయనుకుందాం. పైన మాత్రం ‘ఇది బిల్లు కాదు’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. బిల్లు కాకపోతే ఈ అంకెలేమిటి? డాక్టరు దగ్గర ఆరోజే 30 డాలర్లు కట్టాం కదా, మళ్ళీ ఈ 250 ఎక్కడిది?

ఈ కాగితాన్ని ఈఓబీ అంటారు. ఆసుపత్రి ఇన్సూరెన్స్ కంపెనీని ఎంత అడిగింది, కంపెనీ ఎంతకు ఒప్పుకుంది, అందులో మన వాటా ఎంత అని చెప్పే లెక్క అది. అసలు బిల్లు ఆసుపత్రి నుంచి వేరేగా వస్తుంది. ఒక్కోసారి ల్యాబు నుంచి ఇంకొకటి, ఎక్స్‌రే చూసిన డాక్టరు నుంచి మరొకటి కూడా వస్తాయి.

ఈ గందరగోళానికి భయపడి నొప్పిని నెలల తరబడి ఓర్చుకున్నవాళ్ళు నాకు తెలిసిన ఇళ్ళలోనే ఉన్నారు. మంచి ఉద్యోగం, ఇన్సూరెన్స్ కార్డు రెండూ ఉన్నా ఎంతవుతుందో తెలియక ఆగిపోయారు. ఆ తెలియకపోవడం ఎక్కడ పుడుతోందో ఈ వ్యాసంలో చూద్దాం.

మన ఊళ్ళో ఇద్దరు, అక్కడ ముగ్గురు

మన దగ్గర డాక్టరుకు చూపించుకోవడమంటే ఇద్దరి మధ్య వ్యవహారం. కౌంటర్లో ఓపీ ఫీజు కట్టి చీటీ తీసుకుంటాం, పేరు పిలిచేదాకా కూర్చుంటాం, రాసిచ్చిన మందులు కింద మెడికల్ షాపులో కొనుక్కుంటాం. రక్తపరీక్ష రాస్తే ల్యాబులో రేటు అడిగి కడతాం. ఎక్కువైనా తక్కువైనా ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లలో ప్రభుత్వం మూడో మనిషిగా చేరింది. అయితే ఆ లెక్కలు ఆసుపత్రికీ ట్రస్టుకీ మధ్యనే నడుస్తాయి కాబట్టి రోగి వాటి జోలికి వెళ్ళే అవసరం రాదు.

అమెరికాలో డాక్టరు, రోగి, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురూ ప్రతి చిన్న లెక్కలోనూ ఉంటారు. డాక్టరు మిమ్మల్ని చూసి పంపాక, చేసిన ప్రతి పనికీ ఐదంకెల కోడ్ ఒకటి వేస్తారు. ఆ కోడ్లు ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తాయి. ఆ క్లినిక్కూ ఆ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంలో ఒక్కో కోడ్‌కి ఒక్కో రేటు రాసుకుని ఉంటుంది. ఆ రేటులో మీరెంత కట్టాలన్నది మీ ప్లాన్‌ని బట్టీ, ఆ ఏడాది మీరు అప్పటిదాకా ఎంత ఖర్చుపెట్టారన్నదాన్ని బట్టీ తేలుతుంది. రిసెప్షన్‌లో ఉన్న మనిషికి ఈ సంగతుల్లో సగం తెలియవు. ‘ఎంతవుతుందండీ?’ అని అడిగితే ఆమె తెల్లమొహం వేస్తుంది. అది నిర్లక్ష్యమేమీ కాదు, ఆ క్షణాన జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఇలాంటి ఏర్పాటు ఎవరూ కూర్చుని రూపొందించింది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం జీతాల పెంపు మీద ఆంక్షలు పెట్టింది. పనివాళ్ళు దొరక్క కంపెనీలు జీతం బదులు ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి, ఎందుకంటే అది జీతం లెక్కలోకి రాదు. 1954 పన్ను చట్టం ఆ బీమాకి పన్ను మినహాయింపును స్థిరపరిచింది. అప్పటి నుంచి వైద్యం ఉద్యోగానికి ముడిపడిపోయింది. 1965లో 65 దాటినవాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి నేటికీ కంపెనీ ఇచ్చే కార్డే దిక్కు. హెచ్-1బీ మీదున్న మన కుటుంబాల సంగతీ అంతే.

మొదట మన మడి నిండాలి

ఐదు మాటలు తెలిస్తే ఈఓబీలో ముప్పాతిక భాగం అర్థమవుతుంది.

ప్రీమియం అంటే జబ్బు చేసినా చేయకపోయినా జీతంలోంచి కోసుకునే డబ్బు. కంపెనీ మరో పెద్ద వాటా కడుతుంది. 2024లో యజమానులు ఇచ్చే కుటుంబ ప్లాన్ల సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది సగటున 6,296. మిగతాది కంపెనీ కడుతుంది కాబట్టి మన కంటికి కనిపించదు. ఈ అంకె తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ చెయ్యి కలపకముందు ఆ ఏడాది మనం సొంతంగా పెట్టాల్సిన ఖర్చు. అది నిండాక కోఇన్సూరెన్స్ మొదలవుతుంది: ప్రతి ఖర్చులో ఇంత శాతం మనది, మిగతాది కంపెనీది. మన వాటా పెరిగి పెరిగి ఒక హద్దుకి చేరగానే ఇక మనం కట్టక్కర్లేదు. ఆ హద్దు పేరు అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్. మడుల్లో నీళ్ళు పారినట్టే ఇది. మొదట మన మడి నిండాలి, తర్వాత గట్టు తెగి పక్క మడిలోకి ఎక్కువ, మనవైపు కొంచెం పారుతుంది, ఆఖరికి మనవైపు పూర్తిగా మూసేస్తారు. ఇక కో-పే అంటే వెళ్ళిన ప్రతిసారీ కౌంటర్లో కట్టే స్థిరమైన చిన్న మొత్తం. పైన అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. 30 డాలర్లు డాక్టరు చూసినందుకు కట్టిన కో-పే. 250 ఆరోజే తీసిన రక్తపరీక్షలది. ఆ ప్లాన్‌లో పరీక్షలకి కో-పే లేదు, డిడక్టబుల్ ఇంకా నిండలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఒకాయన ప్లాన్‌లో డిడక్టబుల్ 2,000 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం, గరిష్ఠ హద్దు 6,000 అనుకుందాం. మార్చిలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆసుపత్రి వేసిన రేటు 42,000. ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ప్రకారం దాని విలువ 18,000. ఆ తేడా 24,000 ఎవరూ కట్టరు, లెక్కలోంచి తీసేస్తారు. 18,000లో మొదటి 2,000 ఆయనది. మిగిలిన 16,000లో 20 శాతం, అంటే 3,200, కూడా ఆయనదే. మొత్తం 5,200. జూన్‌లో మోకాలి స్కాన్‌కి ఒప్పందం రేటు 1,500, ఆయన వాటా 300. ఇప్పటికి 5,500 అయింది. సెప్టెంబరులో కిడ్నీలో రాయి తీయించుకున్నాడు, ఒప్పందం రేటు 9,000. ఇరవై శాతం లెక్కన 1,800 కట్టాలి గానీ, హద్దుకి మిగిలింది 500 మాత్రమే కాబట్టి అంతే కడతాడు. డిసెంబరు 31 వరకు ఆ ప్లాన్ కింద వచ్చే మిగతా వైద్యానికి ఆయన చేతి నుంచి ఒక్క డాలరూ పడదు.

జనవరి 1న అన్నీ సున్నా నుంచి మొదలవుతాయి, కొన్ని కంపెనీల్లో ఆ తేదీ వేరు. డిసెంబరు చివర్లో ఆపరేషన్ చేయించుకుని జనవరిలో ఫిజియోథెరపీకి తిరిగినవాళ్ళు రెండు డిడక్టబుళ్ళు కట్టామని బాధపడేది ఇందుకే. గరిష్ఠ హద్దు ఎంత ఉండొచ్చన్నదానికి 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం పైకప్పు వేసింది. 2025లో అది ఒక మనిషికి 9,200, కుటుంబానికి 18,400 డాలర్లు. చిన్న మొత్తమేమీ కాదు. అయినా ‘అమెరికాలో జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోవాలి’ అన్న మాట, ఇలాంటి ప్లాన్ ఉండి నెట్‌వర్క్ లోపల వైద్యం చేయించుకున్నవాళ్ళ విషయంలో, ఈ అంకె దగ్గర ఆగుతుంది.

నెట్‌వర్క్ అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్ల, ఆసుపత్రుల జాబితా. బయటివాళ్ళ దగ్గరికి వెళ్తే ఒప్పందం రేటు ఉండదు, హద్దు వర్తించకపోవచ్చు. ఒకప్పుడు దీనివల్ల ఘోరాలు జరిగేవి. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోనే ఉండేది, ఆపరేషన్‌లో మత్తు ఇచ్చిన డాక్టరు ఉండేవాడు కాదు. స్పృహలో లేని రోగికి ఆయన బిల్లు వేలల్లో వచ్చేది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం దీన్ని ఆపింది. ఎమర్జెన్సీ వైద్యానికీ, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఎదురయ్యే బయటి మత్తు డాక్టరు లాంటివాళ్ళకీ ఇప్పుడు నెట్‌వర్క్ లెక్కే వర్తిస్తుంది.

ఉచితమన్న చెకప్‌కి బిల్లెందుకొచ్చింది?

అదే 2010 చట్టం ప్రకారం టీకాలు, బీపీ, కొలెస్ట్రాల్, కొన్ని క్యాన్సర్ పరీక్షలు లాంటి నివారణ సేవలకి నెట్‌వర్క్‌లో మనం ఏమీ కట్టక్కర్లేదు. ఏడాదికోసారి చేసే చెకప్ కూడా సాధారణంగా ఇందులోదే. అలా వెళ్ళి వచ్చినా బిల్లు పడిందని చాలామంది అంటారు.

జరిగేది ఏమిటంటే, మన అలవాటు ప్రకారం ఎలాగూ వచ్చాం కదా అని ‘ఈమధ్య మోకాలు పట్టేస్తోంది, నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు’ అని చెప్తాం. డాక్టరు మోకాలు నొక్కి చూసి, మందు రాసి, ఎక్స్‌రే తీయించుకోమంటాడు. కోడింగ్ లెక్కలో అది ఇక నివారణ కాదు, వైద్యం. ఒకే కుర్చీలో కూర్చున్నా రెండు విజిట్లుగా కోడ్ పడొచ్చు. ఒకటి ఉచితం, రెండోది డిడక్టబుల్‌లోకి పోతుంది. ఇందులో మోసం లేదని డాక్టర్లు అంటారు, కొత్త సమస్య చూసిన పనికి కోడ్ వేయడం వాళ్ళ హక్కు. రోగుల వైపు నుంచి చూస్తే, ఏ మాట దగ్గర గీత దాటామో చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు. నాకు రెండోవైపు వాదనే బలంగా కనిపిస్తుంది. ఆ బిల్లు చూశాక మరుసటి ఏడాది డాక్టరుతో నోరు విప్పడం మానేసేవాళ్ళుంటారు, డబ్బుకంటే ఆ నష్టం పెద్దది.

మూడు తలుపులు

మన దగ్గర కడుపు నొప్పి వస్తే నేరుగా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికీ, చర్మం మీద మచ్చ వస్తే నేరుగా స్కిన్ డాక్టరు దగ్గరికీ వెళ్తాం. అక్కడ మొదటి తలుపు ప్రైమరీ కేర్ డాక్టరు. హెచ్‌ఎంఓ రకం ప్లాన్లలో ఆ డాక్టరు రాసిస్తేనే స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళగలం. పీపీఓ రకంలో నేరుగా వెళ్ళొచ్చు, ప్రీమియం ఎక్కువ. ప్రైమరీ కేర్‌తో చిక్కు ఏమిటంటే కొత్త పేషెంటుకి అపాయింట్‌మెంట్ వారాల తర్వాత దొరకడం. ఒంట్లో బాగాలేని రోజున మొదటిసారి ఫోన్ చేసేవాళ్ళకి ఈ తలుపు మూసే ఉంటుంది.

రెండోది అర్జెంట్ కేర్. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. జ్వరం, గొంతు నొప్పి, బెణుకు, చిన్న కుట్లు వంటివి ఇక్కడ చూస్తారు. మనకి అలవాటైన వీధి క్లినిక్కుకి దగ్గరగా ఉండేది ఇదే.

మూడోది ఆసుపత్రి ఎమర్జెన్సీ, అందరూ ఈఆర్ అంటారు. అదే గొంతు నొప్పికి ఇక్కడికొస్తే ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది. ఎందుకంటే రాత్రీపగలూ సిద్ధంగా ఉన్నందుకు ఆసుపత్రి వేసే ఫెసిలిటీ ఫీజు, డాక్టరు ఫీజు, పరీక్షల ఫీజులు విడివిడిగా పడతాయి. ఎదురుచూపు కూడా గంటలకొద్దీ ఉంటుంది, ప్రాణాపాయం ఉన్నవాళ్ళని ముందు చూస్తారు కాబట్టి.

అయితే ఈఆర్ గురించి తెలిసి ఉండాల్సిన ఇంకో సంగతి ఉంది. 1986లో చేసిన చట్టం ప్రకారం, మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరొచ్చినా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే స్థిమితపడేదాకా వైద్యం చేయాల్సిందే. ఇన్సూరెన్స్ లేకపోయినా, వీసా ఏదైనా, జేబులో డబ్బు లేకపోయినా వెనక్కి పంపకూడదు. బిల్లు వస్తుంది, అది వేరే సంగతి. ఛాతీలో నొప్పితో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని ‘కార్డు పనిచేస్తుందో లేదో’ అని ఇంట్లో తర్జనభర్జన పడటానికి ఈ చట్టం చోటివ్వదు. దీన్ని ప్రతి తెలుగింట్లో తెలిసేలా చెప్పుకోవాలి.

అంబులెన్సు మాత్రం తలనొప్పి. 2005 నుంచి 108కి అలవాటుపడ్డ మనకి అంబులెన్సుకి బిల్లు రావడమే వింత. నో సర్‌ప్రైజెస్ చట్టం హెలికాప్టర్ అంబులెన్సులకి వర్తిస్తుంది, రోడ్డు మీద వెళ్ళేవాటికి వర్తించదు. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి, చాలాచోట్ల ఆ ఖాళీ అలాగే ఉంది.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఇంతవరకు చెప్పుకున్న రక్షణల్లో చాలా భాగం, ఆర్నెల్ల కోసం విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి లేదు. పిల్లల ప్లాన్‌లో భార్యాభర్తలకీ పిల్లలకీ చోటుంటుంది, తల్లిదండ్రులకి సాధారణంగా ఉండదు. మెడికేర్ వయసున్నా, గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు వరుసగా అక్కడ నివసిస్తే తప్ప అందులో చేరలేరు. కాబట్టి విజిటర్ ఇన్సూరెన్స్ కొంటారు. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు, కొనేవాళ్ళు భయంతో కొంటారు, తరచుగా చవకది కొంటారు.

ఇందులో పేర్లు ఒకేలా ఉన్నా రెండు వేరు వేరు వస్తువులున్నాయి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ ఒక్కో సేవకి ఇంతని కడుతుంది, బిల్లు ఎంతైనా సరే. కాంప్రహెన్సివ్ ప్లాన్ బిల్లులో శాతం లెక్కన పాలసీ మొత్తం దాకా కడుతుంది.

నిమోనియాతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే బిల్లు 60,000 అయిందనుకుందాం. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఎమర్జెన్సీకి 500, రోజుకి 2,500 అని ఉంటే వచ్చేది 8,000. మిగతా 52,000 కొడుకో కూతురో చూసుకోవాలి. లక్ష డాలర్ల కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టబుల్ 250, తర్వాతి 5,000లో 20 శాతం మనది, ఆపైన అంతా కంపెనీది అనుకుంటే మన ఖర్చు 1,250. రెండింటి ప్రీమియంలో తేడా ఉంటుంది, కానీ ఈ తేడాతో పోల్చదగ్గది కాదు.

అసలు మెలిక ‘ముందే ఉన్న జబ్బు’ అన్న మాటలో ఉంది. అరవై దాటిన మన పెద్దవాళ్ళలో బీపీ, షుగరు లేనివాళ్ళు ఎంతమంది? పై నిమోనియా బదులు గుండెపోటు వచ్చిందనుకోండి. నాన్నగారు పదేళ్ళుగా బీపీ మాత్రలు వాడుతున్నారని రికార్డులో కనిపిస్తే, ఇది పాత జబ్బు ఫలితమే అని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు లక్ష డాలర్ల పాలసీ కూడా పనికిరాదు. ఈ ఖాళీ కోసమే కొన్ని పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అన్న అంశం ఉంటుంది. పాత జబ్బు హెచ్చరిక లేకుండా హఠాత్తుగా తిరగబెడితే, సాధారణంగా 24 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే, ఒక పరిమితి వరకు కడతారు. వయసు దాటితే ఆ పరిమితి తగ్గుతుంది లేదా ఉండదు. ‘రెండు రోజుల నుంచి కొంచెం ఆయాసంగానే ఉంది, పిల్లల్ని ఇబ్బంది పెట్టడమెందుకని చెప్పలేదు’ అన్న మాట డాక్టరు నోట్సులో పడితే ‘హఠాత్తుగా’ అన్న షరతు పోయినట్టే. మన పెద్దవాళ్ళ మొహమాటం అక్కడ ప్రాణానికీ డబ్బుకీ రెండింటికీ ముప్పు తెస్తుంది.

ఉద్యోగం పోయిన రోజున

లేఆఫ్ వార్తలు వచ్చినప్పుడల్లా వీసాకున్న 60 రోజుల గడువు గురించే అందరూ మాట్లాడతారు. ఇన్సూరెన్స్‌కీ ఒక 60 రోజుల గడువుంది. కోబ్రా అనే చట్టం కింద, ఇరవైమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో పనిచేసినవాళ్ళు పాత ప్లాన్‌నే సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. ఇందాకటి సగటు అంకె 25,572ని పన్నెండుతో భాగిస్తే నెలకి 2,131, రెండు శాతం కలిపితే దాదాపు 2,174 డాలర్లు. జీతం ఆగిన ఇంటికి అది మోయలేని బరువు.

చాలామందికి తెలియనిది ఏమిటంటే కోబ్రా వెనక్కి కూడా వర్తిస్తుంది. చేరాలో వద్దో నిర్ణయించుకోవడానికి కనీసం 60 రోజులుంటాయి, ఎప్పుడు చేరినా ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే లెక్క. నలభయ్యో రోజున పిల్లాడి చెయ్యి విరిగితే అప్పుడు చేరి, ఆ రెండు నెలల ప్రీమియం కట్టి, పాత ప్లాన్ కిందే చూపించుకోవచ్చు. ఏమీ కాకుండా కొత్త ఉద్యోగం వస్తే కట్టే పనే లేదు.

బిల్లు మీద అంకె రాతి మీద రాత కాదు

ఆసుపత్రి వేసే మొదటి రేటు ఎవరితోనూ ఒప్పందం లేనివాళ్ళ మీద వాలుతుంది, అంటే ఇన్సూరెన్స్ లేనివాళ్ళ మీద. అందుకే ఆ అంకె మారే దారులు చట్టంలోనే ఉన్నాయి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సహాయ విధానం రాతపూర్వకంగా ఉండాలి. అర్హులని తేలినవాళ్ళ దగ్గర ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి మామూలుగా పడే మొత్తం కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఇంటికి పంపాక వచ్చిన మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఆదాయ పరిమితి ఎంత, విజిటర్లకి ఇస్తారా లేదా అన్నవి ఆసుపత్రిని బట్టి మారతాయి. ఇన్సూరెన్స్ లేకుండా ముందే తేదీ ఖరారు చేసుకుని వైద్యానికి వెళ్ళేవాళ్ళకి అంచనా రాసివ్వాలన్నది కూడా నియమమే. తర్వాత వచ్చిన బిల్లు దానికంటే 400 డాలర్లు లేదా అంతకు మించి ఎక్కువుంటే 120 రోజుల్లోపు సవాలు చేయవచ్చు.

‘ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాంలే’

ఈ మాట వినని తెలుగు ఇల్లు అమెరికాలో ఉండదేమో. దాని వెనక లెక్క ఉంది. పళ్ళకీ కళ్ళకీ అక్కడ వేరే ఇన్సూరెన్స్, పళ్ళ ప్లాన్లు ఏడాదికి ఒకటి రెండు వేల డాలర్ల దగ్గర ఆగిపోవడం మామూలు. రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిస్తే అది దాటిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో అదే పని చేయించుకుని రావడం తెలివైన పనే అనిపిస్తుంది. పైగా మాట తెలుగులో సాగుతుంది, అమ్మ పక్కనుంటుంది.

ఎదురు వాదన కూడా బరువైనదే. మూడు వారాల సెలవులో చేయించుకున్న పని తర్వాత తేడా చేస్తే ఎవరు చూస్తారు? అమెరికా డాక్టరు ఆ రికార్డులు లేకుండా చెయ్యి పెట్టడానికి వెనకాడతాడు. నేను చూసినంతలో ఈ రెండు వాదనలూ ఎక్కువగా వేరు వేరు జబ్బుల గురించి మాట్లాడుతుంటాయి. పిప్పిపన్ను, కంట్లో శుక్లం వంటివి ఏమిటో తెలుసు, ఆగగలవనీ తెలుసు. రొమ్ములో గడ్డ, మలంలో రక్తం, మెట్లెక్కితే ఛాతీ బరువు వంటివి ఏమిటో ఇంకా తెలియదు. ఆగగలదో లేదో తెలియాలన్నా ముందు ఎవరో ఒక డాక్టరు చూడాలి కదా. డిసెంబరు టికెట్ల కోసం అలాంటివాటిని ఆపుకుంటే ఎన్ని డాలర్లు మిగిలాయన్న లెక్కకి అర్థం లేదు.

ఇంగ్లండులో ఉన్న బంధువులు ‘మాకు ఇవేవీ లేవు’ అంటారు, అది నిజమే. అక్కడ వీసాతోపాటే ఏడాదికి 1,035 పౌండ్లు ఆరోగ్య సర్‌ఛార్జి కట్టేస్తారు, విద్యార్థులకి 776. ఆ తర్వాత జీపీ, అంటే మొదట చూసే మామూలు డాక్టరు, చూసినా, ఆసుపత్రిలో చేరినా బిల్లు రాదు. కానీ స్పెషలిస్టు చికిత్స 18 వారాల్లోపు మొదలవ్వాలన్న లక్ష్యాన్ని వాళ్ళ వ్యవస్థ ఏళ్ళుగా అందుకోలేకపోతోంది. అమెరికాలో మంచి ప్లాన్ ఉన్న మనిషికి మోకాలి స్కాన్ త్వరగా దొరకొచ్చు. ఇంగ్లండులో చెయ్యి ఖాళీ అయినవాడికీ ఏదో ఒకరోజు దొరుకుతుంది. ఏది మేలన్నది ఆ రోజున మీరు ఏ స్థితిలో ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

‘వేడి చేసింది’ అని ఎలా చెప్పాలి?

డబ్బు లెక్క తేలినా మాట లెక్క మిగులుతుంది. ‘వేడి చేసింది’, ‘పైత్యం చేసింది’, ‘ఒళ్ళంతా లాగేస్తోంది’ అన్నవాటికి ఇంగ్లీషులో సరిజోడు లేదు. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అని మనం ఒక్క మాటలో చెప్పేదాన్ని అక్కడి డాక్టరు రెండుగా విడదీసి అడుగుతాడు: గది గిర్రున తిరిగినట్టుందా, స్పృహ తప్పబోతున్నట్టుందా? మొదటిది చెవికి సంబంధించింది కావచ్చు, రెండోది గుండెకి. అమ్మ ‘గుండెల్లో మంటగా ఉంది’ అంటే కొడుకు ‘అసిడిటీ’ అని అనువదించేస్తాడు. ఆ ఒక్క మాటతో ఈసీజీ తీయాలన్న ఆలోచన వెనక్కి వెళ్ళిపోవచ్చు.

దీనికోసమే ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి దుబాసీని ఉచితంగా ఇవ్వాలని చట్టం చెప్తోంది. ఇంటివాళ్ళనే తెచ్చుకోమని బలవంతపెట్టకూడదు, అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లల చేత చెప్పించకూడదు. తెలుగు దుబాసీ చాలావరకు ఫోన్‌లోనో వీడియోలోనో దొరుకుతారు. కొడుకు ముందు చెప్పలేని విషయాలు పరాయి మనిషి గొంతుతో చెప్పడం మన అమ్మలకి కొన్నిసార్లు తేలిక కూడా.

మందుల పేర్లూ మారిపోతాయి. మనం పారాసిటమాల్ అనేదాన్ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, అంగట్లో టైలెనాల్. ఆస్తమాకి మనవాళ్ళు వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటరాల్. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో 650 వేసుకుని, జ్వరం తగ్గలేదని పైన టైలెనాల్ వేసుకున్నవాళ్ళు తెలియకుండా ఒకే మందుని రెండుసార్లు వేసుకున్నట్టు. రోజుకి నాలుగు గ్రాములు దాటితే అది కాలేయాన్ని దెబ్బతీయగలదు. సూట్‌కేసులో వచ్చే మందుల స్ట్రిప్పుల మీద బ్రాండ్ పేరు కింద సన్నటి అక్షరాల్లో అసలు మందు పేరుంటుంది. అక్కడి డాక్టరుకైనా దుబాసీకైనా అర్థమయ్యేది ఆ సన్నటి పేరే.